పారాలీగల్ చదువు: పాఠం, పని, హోదా

వకీలు కాకుండానే చట్టంతో పనిచేసేవాళ్లు మన ఊళ్లలో తరతరాలుగా ఉన్నారు. వకీలు ఆఫీసులో కేసుకట్టలు సర్ది, వాయిదాలు రాసుకుని, కోర్టు నుంచి నకళ్లు తెచ్చే గుమాస్తా. రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట కూర్చుని దస్తావేజులు రాసే లేఖరి. తహశీల్దారు కార్యాలయానికి అర్జీలు రాసిపెట్టే ఊరి చదువరి. ఈ కాలంలో అయితే న్యాయ సేవాధికార సంస్థ గుర్తింపు కార్డుతో జైలుకూ, పోలీస్ స్టేషన్‌కూ వెళ్లే పారా లీగల్ వాలంటీరు. సామాన్యుడికి చట్టం మొదట ఎదురయ్యేది వీళ్ల ద్వారానే. అతను వకీలు దగ్గరికి చేరేసరికి కాగితం సగం తయారై ఉంటుంది. ఆ సగంలో సర్వే నంబరో, తేదీయో, వారసుల పేరో తప్పుపడితే తర్వాత ఎంత పెద్ద వకీలు వచ్చినా దిద్దడానికి ఏళ్లు పడుతుంది.

ఇంత బరువైన పనికి చదువేది? ఏం నేర్పాలి, ఎవరు నేర్పాలి, నేర్చుకున్నవారికి ఏ స్థానం ఇవ్వాలి? యాభై ఏళ్లకు పైగా కాలంలో వేర్వేరు దేశాలు ఈ ప్రశ్నలకు వేర్వేరు జవాబులు చెప్పాయి. మన దేశంలోనూ, మన తెలుగు నేలమీదా విలువైన ప్రయత్నాలు జరిగాయి. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. పాఠం, పని, హోదా ఈ మూడూ కలిసిన చోట పారాలీగల్ చదువు నిలదొక్కుకుంది. ఏ ఒక్కటి లోపించినా అది గోడకు తగిలించే సర్టిఫికెట్‌గా మిగిలిపోయింది. మన దగ్గర మూడూ ఉన్నాయి. కానీ ఒకటి ఉన్నచోట మిగతా రెండూ లేవు.

అమెరికా: కాలేజీ నుంచి వకీలు ఆఫీసుకు

ఈ పనికి కాలేజీ చదువును గట్టిగా ముడివేసింది అమెరికా. 1960లలో అక్కడ న్యాయ సేవల ఖర్చు పెరిగింది. పేదలకు న్యాయ సహాయం అందించే ప్రభుత్వ కార్యక్రమం 1965లో మొదలైంది. వకీలు ఆఫీసులో జరిగే పనిలో నిజంగా వకీలే చేయాల్సింది ఎంత అన్న ఆలోచన అప్పుడు బలపడింది. అమెరికన్ బార్ అసోసియేషన్ 1968లో ఇందుకోసం ప్రత్యేక సంఘాన్ని వేసింది. 1973లో పారాలీగల్ కోర్సులకు ప్రమాణాలు రూపొందించి, 1975లో తొలి కోర్సులకు గుర్తింపు ఇచ్చింది. వకీళ్ల సంఘమే చొరవ తీసుకుని వకీళ్లు కానివారి చదువుకు కొలతలు నిర్ణయించిన సంగతి మన బార్ కౌన్సిళ్లు గమనించదగ్గది.

ఆ ప్రమాణాల ప్రకారం విద్యార్థి కనీసం 60 సెమిస్టర్ క్రెడిట్లు పూర్తిచేయాలి. వాటిలో కనీసం 18 క్రెడిట్లు న్యాయ సంబంధమైన కోర్సుల్లో ఉండాలి. భాష, సామాజిక శాస్త్రాల వంటి సాధారణ విద్యకూ కనీసం 18 ఉండాలి. కమ్యూనిటీ కాలేజీల్లో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీగా ఈ చదువు దొరుకుతుంది. వేరే డిగ్రీ ఉన్నవారికి తక్కువ కాలపు సర్టిఫికెట్ కోర్సులున్నాయి. చట్ట పరిశోధన, దావా నడక, ఒప్పందాలు, ఆస్తి చట్టం, వృత్తి నీతి ముఖ్యమైన పాఠాలు. వీటితోపాటు వకీలు ఆఫీసులోనో, కోర్టులోనో పని నేర్చుకునే ఇంటర్న్‌షిప్ చాలా కోర్సుల్లో ఉంటుంది. సాధారణ విద్యకు అంత చోటివ్వడం సబబే. జరిగింది జరిగినట్టు వరసగా రాయలేని మనిషికి ఎన్ని సెక్షన్లు వచ్చినా మంచి నోటీసు రాయడం రాదు.

చదువుకు తగ్గ విలువను కోర్టులూ గుర్తించాయి. ఓడినవారి నుంచి వకీలు ఫీజు రాబట్టుకునే వీలున్న కేసుల్లో పారాలీగల్ పనిగంటలను మార్కెట్ రేటు ప్రకారం లెక్కగట్టవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1989లో మిస్సోరీ వర్సెస్ జెంకిన్స్ కేసులో చెప్పింది. కేవలం గుమాస్తా తరహా పనులకు ఆ రేటు వేయకూడదనీ అదే తీర్పులో హెచ్చరించింది. అంటే చదువు, తర్ఫీదు అవసరమైన పనికీ, కాగితాలు మోసే పనికీ మధ్య గీత పడింది. కాలిఫోర్నియా 2000లో చేసిన చట్టం మరో అడుగు ముందుకేసింది. నిర్ణీత చదువో అనుభవమో ఉన్నవారే పారాలీగల్ అని చెప్పుకోవాలి, వకీలు పర్యవేక్షణలోనే పనిచేయాలి, రెండేళ్లకోసారి వృత్తి నీతిలోనూ చట్టంలోనూ తిరిగి శిక్షణ పొందాలి.

ఈ నమూనాలో పెద్ద లోటొకటుంది. అమెరికా పారాలీగల్ వకీలు వెనకాల పనిచేస్తారు. వకీలును పెట్టుకోలేని మనిషికి పారాలీగల్ కూడా అందరు. ఈ లోటు తీర్చడానికి వాషింగ్టన్ రాష్ట్రం 2012లో పరిమిత లైసెన్సు పద్ధతి తెచ్చింది. కుటుంబ వివాదాల్లో నేరుగా కక్షిదారులకు సలహా ఇచ్చే వీలు కల్పించింది. కానీ అర్హత సంపాదించడం కష్టం, నడపడం ఖర్చు. లైసెన్సు తీసుకున్నవారు కొద్దిమందే కావడంతో కొత్తవారిని చేర్చుకోవడం ఆపేయాలని 2020లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు నిర్ణయించింది. యూటా, ఆరిజోనా రాష్ట్రాలు మాత్రం తమ తమ పద్ధతుల్లో ఈ దారిన సాగుతున్నాయి. అర్హత కొలతలు మరీ ఎత్తుగా పెడితే వచ్చేవారు ఉండరనీ, అసలు లేకపోతే మోసపోయేది పేదలేననీ వాషింగ్టన్ అనుభవం చెబుతోంది.

ఒంటారియో: చదువు, పరీక్ష, లైసెన్సు

పాఠం, పని, హోదా మూడింటినీ ఒకే వరసలో కూర్చిన చోటు కెనడాలోని ఒంటారియో. మనవాళ్లు వేల సంఖ్యలో స్థిరపడిన ప్రాంతం కాబట్టి తెలుగువారికి ఇది దగ్గరి ఉదాహరణ కూడా. 2007 నుంచి అక్కడి లా సొసైటీ వకీళ్లతోపాటు పారాలీగల్స్‌కూ లైసెన్సులు ఇస్తోంది. గుర్తింపు పొందిన కాలేజీలో కోర్సు పూర్తిచేయాలి. అందులో 120 గంటల క్షేత్ర శిక్షణ ఉంటుంది. తర్వాత లైసెన్సు పరీక్ష రాయాలి, సత్ప్రవర్తన నిరూపించుకోవాలి, వృత్తి బీమా తీసుకోవాలి. ఆ తర్వాత చిన్న మొత్తాల దావాల కోర్టులోనూ, ట్రాఫిక్ కేసుల్లోనూ, ఇంటి యజమానికీ అద్దెదారుకూ మధ్య తగవులు తీర్చే ట్రిబ్యునల్‌లోనూ కక్షిదారు తరఫున స్వయంగా వాదించవచ్చు.

ఇక్కడ రెండు సంగతులు మెచ్చుకోదగ్గవి. పరిధి స్పష్టంగా ఉంది, కాబట్టి ఏది తమ పని, ఏది కాదు అన్నది పారాలీగల్‌కూ తెలుసు, జనానికీ తెలుసు. తప్పుచేస్తే ఫిర్యాదు చేయడానికి ఒక సంస్థ ఉంది. లైసెన్సు ఇచ్చిన సంస్థే దాన్ని రద్దుచేస్తుంది. కాలేజీ చదువుకు అక్కడ గిరాకీ ఉండటానికి కారణం పాఠాల గొప్పతనం ఒక్కటే అనుకోకూడదు. ఆ చదువు చివర ఒక ఖాయమైన స్థానం ఉంది.

ఆఫ్రికా: ఊరి మధ్య నిలబడిన పారాలీగల్

ఇంకో తరహా జవాబు ఆఫ్రికా నుంచి వచ్చింది. అంతర్యుద్ధం ముగిసిన సియెర్రా లియోన్‌లో వకీళ్లు చాలావరకు రాజధాని ఫ్రీటౌన్‌లోనే ఉండేవారు. పల్లెలకు వకీలు అందని ఆ పరిస్థితిలో 2003లో టిమాప్ ఫర్ జస్టిస్ సంస్థ పారాలీగల్స్‌కు తర్ఫీదిచ్చి ఊళ్లలో నిలిపింది. వాళ్ల వెనక కొద్దిమంది వకీళ్లు ఉండి, అవసరమైన కేసును కోర్టుకు తీసుకువెళ్లేవారు. అనుభవం ఫలించి 2012 నాటి న్యాయ సహాయ చట్టం పారాలీగల్స్‌ను గుర్తించింది. మలావిలో 2000లో మొదలైన పారాలీగల్ సలహా సేవ జైళ్లలోకి వెళ్లి, ఖైదీలకు తమ కేసు ఏ దశలో ఉందో, బెయిల్ ఎలా అడగాలో నాటకాలు వేయించి మరీ నేర్పింది. 2012లో ఐక్యరాజ్యసమితి క్రిమినల్ కేసుల్లో న్యాయ సహాయంపై ఆమోదించిన సూత్రాల్లో పారాలీగల్స్ పాత్రకు చోటు దక్కింది.

అక్కడ తరగతిగది చిన్నది, పని పెద్దది. చదువు తక్కువైనా పర్యవేక్షణ గట్టిగా ఉండటం వల్ల ఆ నమూనా నిలిచింది. మన పల్లెల పరిస్థితికి అమెరికా ఆఫీసుల కన్నా ఇదే దగ్గర.

మన చట్టం, మన పథకాలు

మన రాజ్యాంగంలో 39ఏ అధికరణం 1976లో చేరింది. పేదరికం వల్ల ఎవరికీ న్యాయం అందకుండా పోకూడదన్నది దాని సారం. న్యాయమూర్తులు వి.ఆర్.కృష్ణయ్యర్, పి.ఎన్.భగవతి 1970లలో ఇచ్చిన నివేదికలు ఉచిత న్యాయ సహాయానికి బాట వేశాయి. 1987లో చేసిన న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ, అంటే నల్సా, 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకం తెచ్చింది. ఉపాధ్యాయులు, విశ్రాంత ఉద్యోగులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, స్వయం సహాయక సంఘాల మహిళలు, న్యాయ విద్యార్థులు, చివరికి సత్ప్రవర్తన గల చదువుకున్న ఖైదీలు సైతం ఇందులో చేరవచ్చు. పదో తరగతి చదివి, విషయం గ్రహించగల శక్తి ఉంటే చాలు. 2013లో బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో, తప్పిపోయిన పిల్లల ఫిర్యాదుల విషయంలో పోలీస్ స్టేషన్లలో ఈ వాలంటీర్ల సేవలు వాడుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ పథకం గొప్పతనం దాని విస్తృతి. మండల స్థాయి దాకా మనిషిని చేర్చింది. దాని బలహీనత శిక్షణలో ఉంది. ప్రారంభ శిక్షణ కొద్ది రోజుల్లో ముగుస్తుంది. పని స్వచ్ఛంద సేవ కిందికి వస్తుంది, పనిచేసిన రోజుకు గౌరవ వేతనం అందుతుంది. బాగా పనిచేసిన వాలంటీరుకు పైమెట్టు లేదు. కొన్నేళ్లు జైళ్లలో, స్టేషన్లలో తిరిగి గడించిన అనుభవాన్ని ఏ విశ్వవిద్యాలయమూ చదువుగా లెక్కించదు.

చదువు మరోచోట ఉంది. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇంటర్ పాసైనవారికి పారాలీగల్ ప్రాక్టీసులో డిప్లొమా నడుపుతోంది. భారత న్యాయవ్యవస్థ పరిచయం, బలహీన వర్గాలకు సంబంధించిన చట్టాలు, గ్రామీణ స్థానిక స్వపరిపాలన అందులో పాఠాలు. పాఠ్యాంశాల ఎంపిక మన అవసరాలకు తగ్గదే. కానీ ఆ డిప్లొమా చేతబట్టుకుని వెళ్తే ఫలానా ఉద్యోగం ఉందని చెప్పగల వ్యవస్థ లేదు. న్యాయ కళాశాలల్లో క్లినిక్‌లు ఉండాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధన, గ్రామాల్లో న్యాయ సేవా క్లినిక్‌లు పెట్టాలని నల్సా 2011 నిబంధనలు కూడా ఉన్నాయి. అయితే న్యాయ కళాశాల విద్యార్థి వకీలు కావడానికి వచ్చినవాడు, క్లినిక్ అతనికి దారిలో ఒక మజిలీ మాత్రమే.

పని ఇంకోచోట ఉంది. కోర్టుల చుట్టూ పనిచేసే గుమాస్తాల సంక్షేమ నిధి కోసం ఆంధ్రప్రదేశ్‌లో 1992లోనే చట్టం వచ్చింది. అంటే వారి ఉనికిని చట్టం ఒప్పుకుంది. కానీ వారికి శిక్షణ ఇచ్చే బాధ్యత ఎవరిదో ఎక్కడా లేదు. గుమాస్తా తన పెద్ద గుమాస్తాను చూసి నేర్చుకుంటాడు. వకాలత్ దాఖలు, కోర్టు ఫీజు లెక్క, కాలపరిమితి, నకలు దరఖాస్తు, ఇప్పుడైతే ఈ-ఫైలింగ్ కూడా చేతిపనిగానే అబ్బుతాయి. ఆ చేతిపనికి వెనక ఉన్న చట్టం ఏమిటో చెప్పేవారు లేరు.

వాదించే హక్కు సంగతి వేరు. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ప్రకారం నమోదైన న్యాయవాదులకే ఆ హక్కు. కానీ మన చట్టాల్లోనే కొన్ని తలుపులు తెరిచి ఉన్నాయి. వినియోగదారుల ఫోరాల్లో వకీలు కాని ప్రతినిధి హాజరు కావచ్చని సుప్రీంకోర్టు 2011లో సి.వెంకటాచలం కేసులో సమర్థించింది. కార్మిక వివాదాల్లో యూనియన్ ప్రతినిధి కార్మికుడి తరఫున నిలబడగలడు. సమాచార హక్కు దరఖాస్తుకు, రెవెన్యూ అర్జీకి వకీలు అవసరమే లేదు. ఇవన్నీ శిక్షణ పొందిన పారాలీగల్ చట్టబద్ధంగా చేయగల పనులు. శిక్షణ లేనందువల్లే ఇక్కడ దళారులు చేరుతున్నారు.

తెలుగు నేలపై భూమి పారాలీగల్స్

ఈ మూడు ముక్కల్లో పాఠాన్నీ, పనినీ కొంతకాలమైనా కలిపి చూపిన ప్రయోగం మన దగ్గరే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇందిరా క్రాంతి పథం కింద గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ పేదల భూమి సమస్యలపై ప్రత్యేక కార్యక్రమం నడిపింది. గ్రామీణ యువతను ఎంచుకుని, భూచట్టాల్లో, రెవెన్యూ రికార్డుల్లో తర్ఫీదిచ్చారు. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శిక్షణలో పాలుపంచుకుంది. ఈ పారాలీగల్స్ ఊరూరా తిరిగి ఎస్సీ, ఎస్టీ కుటుంబాల భూముల వివరాలు సేకరించారు. సాగులో ఎవరున్నారు, రికార్డులో ఎవరున్నారు అని సరిపోల్చారు. సమస్యను గుర్తించి, దానికి తగిన చట్టం కింద అర్జీ తయారుచేసి, తహశీల్దారు దగ్గర తేలేదాకా వెంటబడ్డారు. కొలతల కోసం కమ్యూనిటీ సర్వేయర్లు, చట్టపరమైన సందేహాలకు న్యాయ పట్టభద్రులు వారికి అండగా ఉండేవారు. మహిళల మండల సమాఖ్యలతో కలిసి పనిచేయడం వల్ల పారాలీగల్ ఏం చేస్తున్నారో ఊరికి తెలిసేది.

పాఠం స్థానికం, పని నిజం, పర్యవేక్షణ గట్టిది. వీటి వల్లే ఆ ప్రయోగం ఫలించింది. దాని లోటు మాత్రం పెద్దదే. పథకంగా పుట్టింది కాబట్టి పథకం ఉన్నంత కాలమే నడిచింది. ఆ యువతకు గుర్తింపు పొందిన వృత్తి ఏర్పడలేదు. వాళ్ల దగ్గర పోగుపడిన జ్ఞానం కాలేజీ పాఠంగా మారి తర్వాతి తరానికి అందలేదు. మన పారాలీగల్ విద్య చరిత్రలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే నష్టం ఇదే.

మన కోర్సులో ఏముండాలి

తెలుగు రాష్ట్రాల్లో పారాలీగల్ కోర్సు రూపొందిస్తే అది భూమి కాగితం చదవడంతో మొదలుకావాలి. ఆంధ్రలో అడంగల్, తెలంగాణలో పహాణీ, 1బి, ఈసీ, పట్టాదారు పాసు పుస్తకం. వీటిలో ఏ గడి ఏం చెబుతుందో విద్యార్థి వేలుపెట్టి చూపించగలగాలి. సాదాబైనామా అంటే ఏమిటో, 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఎవరిని కాపాడుతుందో, ఏజెన్సీలో భూబదిలీలను నియంత్రించే 1/70 చట్టం ఎందుకు వచ్చిందో తెలియాలి. అయితే సెక్షన్లు బట్టీ పట్టిస్తే చాలదు. తెలంగాణలో 1971 నాటి హక్కుల రికార్డు చట్టం పోయి 2020లో ధరణి పోర్టల్‌తోపాటు కొత్తది వచ్చింది. అదీ పోయి 2025లో భూ భారతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి భూహక్కు చట్టం 2024లో రద్దయింది. ఇలా మారే చోట ప్రస్తుతం అమల్లో ఉన్న నిబంధనను వెతికి పట్టుకునే నేర్పే అసలైన చదువు.

రెండోది క్రిమినల్ కేసు నడక. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్ష సంహిత అమల్లో ఉంది. దాని 479వ సెక్షన్ ప్రకారం, మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాలు కాకుండా ఇతర కేసుల్లో, గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణ ఖైదీగానే గడిపినవారు బెయిల్‌పై విడుదలకు అర్హులు. గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడనివారికి మూడో వంతు చాలు. జైలు సూపరింటెండెంటే కోర్టుకు రాయాలని కూడా చట్టం చెప్పింది. ఏ ఖైదీకి ఏ తేదీకి ఆ గడువు పూర్తవుతుందో, ఇంకో కేసేమైనా పెండింగులో ఉందో చూసి, జాబితా తయారుచేసి, జైలు అధికారులకూ న్యాయ సేవాధికార సంస్థకూ అందించడం పారాలీగల్ చేయదగ్గ పని. కొద్దిపాటి లెక్క, ఓపిక, చట్టంపై పట్టు ఉంటే ఒక మనిషి ఇంటికి చేరతాడు.

మూడోది రాత. జరిగిన సంగతిని తేదీల వరసన, ఎవరు ఎవరికి ఏమవుతారో తేలేలా, అనవసరమైన ఆరోపణ లేకుండా తెలుగులో రాయడం. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక భూవివాదంలో తెలుగులో తీర్పు ఇచ్చి, ఈ భాష న్యాయానికి పనికొస్తుందని చూపింది. అర్జీ రాసేవారి చేతిలో అది మరింత పదునెక్కాలి. కక్షిదారు చెప్పేది వినడం కూడా ఇందులో భాగమే. భర్త కొట్టాడని చెప్పుకోవడానికి వచ్చిన మహిళ మొదటి మాటల్లోనే అంతా చెప్పదు. వినే తీరు తెలియనివాడు రాసిన ఫిర్యాదులో ముఖ్యమైనదే జారిపోతుంది.

నాలుగోది వృత్తి నీతి. విన్నది బయటపెట్టకూడదు. ఇరుపక్షాలకూ పనిచేయకూడదు. న్యాయ సేవల పేరుతో డబ్బు అడగకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇది తన పరిధి దాటిందని గుర్తించి వకీలు దగ్గరికి పంపడం తెలియాలి. ఉచిత న్యాయ సహాయానికి ఎవరు అర్హులో, నల్సా హెల్ప్‌లైన్ 15100 నంబరుకు ఫోన్ చేస్తే ఎవరు పలుకుతారో చెప్పగలగడం కూడా ఆ నీతిలో భాగమే.

అభ్యంతరాలు, ముందున్న దారి

ఇలాంటి కోర్సు పెడితే వకీళ్ల పొట్టకొట్టినట్టు అవుతుందని కొందరి భయం. వకీలు దగ్గరికి సరైన కాగితంతో వచ్చే కక్షిదారు వల్ల వకీలు పని తేలికవుతుంది తప్ప పోదు. కోర్టులో వాదన వకీలుదే. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. అరకొర చదువుతో కొత్త దళారులు పుట్టుకొస్తారని. ఈ ప్రమాదం నిజమే. అందుకే పర్యవేక్షణ లేని సర్టిఫికెట్ ఇవ్వకూడదు. నమోదు, ప్రవర్తన నియమావళి, ఫిర్యాదు మార్గం లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. ఒంటారియో ఇందుకే ఉదాహరణ.

మన దగ్గర ఇప్పటికే ఉన్నవాటిని జోడిస్తే చాలావరకు పని జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ పాఠ్యప్రణాళికలో 2020-21 నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ చేర్చారు. దానిలో కొంత భాగాన్ని న్యాయ సేవాధికార సంస్థల్లో చేసేలా, చట్ట విద్యలో డిప్లొమాను డిగ్రీతో కలిపి ఇవ్వవచ్చు. పారా లీగల్ వాలంటీరుగా, గుమాస్తాగా గడించిన అనుభవానికి పరీక్ష పెట్టి క్రెడిట్లు ఇవ్వవచ్చు. అప్పుడు పదో తరగతి చదివిన అంగన్‌వాడీ కార్యకర్తకూ, ఇరవై ఏళ్ల అనుభవమున్న గుమాస్తాకూ చదువులోకి దారి తెరుచుకుంటుంది. కోర్సు తెలుగులో ఉండాలి. నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం పాఠాలు తయారుచేస్తే, ప్రతి జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీ వాటిని బోధించగలదు. పర్యవేక్షణ బాధ్యత జిల్లా న్యాయ సేవాధికార సంస్థ తీసుకోవాలి. చదువు ముగించినవారి పేర్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర రిజిస్టరులో ఉండాలి. ఆ పేరు వెనక జీతమున్న పోస్టు ఉండాలి. జైలు, మహిళల ఆశ్రయ కేంద్రం, తహశీల్దారు కార్యాలయంలోని సహాయ కేంద్రం ఆ పోస్టులకు తగిన చోట్లు.

చదివేందుకు వచ్చే యువతకూ ఒక మాట చెప్పాలి. కోర్సులో చేరేముందు మూడు విషయాలు అడగండి. నిజమైన కేసు కాగితాల మీద ఎన్ని గంటలు పనిచేయిస్తారు? ఆ పనిని దిద్దే వకీలు ఎవరు? చదువు ముగిశాక ఎక్కడ, ఏ పేరుతో నియమిస్తారు? ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పలేని సంస్థకు ఫీజు కట్టవద్దు.

అర్జీ సరిగ్గా రాయించుకోవడం పేదవాడి హక్కు. రాసే మనిషికి చదువు చెప్పి, తోడు నిలిచి, ఒక స్థానం ఇవ్వడం రెండు ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు, బార్ కౌన్సిళ్లు కలిసి మోయాల్సిన బాధ్యత. ఒక్కో రాష్ట్రంలో ఒక్క జిల్లాతో మొదలుపెట్టినా సరే, ఆ పని ఈ విద్యాసంవత్సరమే మొదలుకావాలి.